పోయిన భర్త పుట్టినరోజున ఏం చేయాలి? పదకొండు పుట్టినరోజులు చూసినదాన్ని, చెబుతాను

అమ్మా, మీ ప్రశ్న రాత్రి చదివాను. పొద్దున లేచి మళ్లీ చదివి ఇది రాస్తున్నాను. మీవారు మే నెలలో గుండెపోటుతో పోయారు. డిసెంబరు 18న ఆయన పుట్టినరోజు, ఉండి ఉంటే నలభై రెండు నిండేవి. మీ ఎనిమిదేళ్ల బాబు "నాన్న పుట్టినరోజుకి కేకు తెస్తామా?" అని అడిగితే మీకు మాట రాలేదు. ఏడాది తిరక్కుండా ఇంట్లో ఏమీ చేయకూడదని అత్తగారు అంటున్నారు. ట్రస్టు పెడదామని అన్నయ్య అంటున్నాడు. మీ చేతిలో ఉన్నది ఇరవై వేలు. దాంతో ఏం చేస్తే ఆయనకు చేసినట్టుంటుందని అడిగారు.

నేను కోనసీమలో ప్రభుత్వ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మావారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసేవారు. ఆయన పోయి పదకొండేళ్లయింది. మొదటి పుట్టినరోజు నేను ఎలా పాడుచేసుకున్నానో ముందు చెబుతాను, మీకు పనికొస్తుంది.

ఆయన పోయిన అయిదో నెలలో పుట్టినరోజు వచ్చింది. అందరూ చెప్పారని పిల్లల ఆశ్రమం ఒకదానికి ఫోన్ చేసి ఆ రోజు భోజనం నాదే అన్నాను. యాభై మందికి బిర్యానీ, స్వీటు, పెరుగన్నం క్యాటరింగు వాళ్లకి చెప్పి వ్యానులో వేయించుకుని వెళ్లాను. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ రోజు అంతకుముందే ఇద్దరి పుట్టినరోజులు అయ్యాయని. పిల్లలు పొద్దున్నించీ కేకులు తిని ఉన్నారు. అయినా నేను వచ్చానని వరసగా కూర్చోబెట్టారు. మావారి ఫొటో ముందు పెట్టి వాళ్ల చేత దండం పెట్టించారు. చివరి వరసలో ఒక పాప ఉంది, ఆరేడేళ్లుంటాయి. ముద్ద నోట్లో పెట్టుకోలేక నా వంక చూస్తూ విస్తరిలో అన్నాన్ని ఇటు నుంచి అటు జరుపుతోంది. ఆ చూపు నేనింకా మరిచిపోలేదు. సగానికి సగం పారబోశారు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆయన కోసం కాదు ఆ ఏడుపు, ఆయన పేరు మీద ఆ పిల్లని అలా కూర్చోబెట్టినందుకు.

మా వైపు లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు ఇప్పటికీ తలుచుకుంటాం. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి ఏ వేళకి ఎవరొచ్చి ఆకలన్నా లేచి వండి పెట్టేది. ఆకలి ముందు, వంట తరవాత. నేను వంట ముందు చేసి, ఆకలి వెతుక్కుంటూ వెళ్లాను. అది నా పొరపాటు.

రెండో ఏడాది దారి దానంతటదే దొరికింది. ఒక రోజు సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల మా గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడింది. "తాతగారు లేరాండీ? చైను ఊడిపోయింది" అంది. ఆయన ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగి వచ్చాక బడి పిల్లల సైకిళ్లు బాగుచేసేవారు, డబ్బులు తీసుకునేవారు కాదు. ఆయన పోయిన సంగతి ఆ పిల్లకి తెలియదు. నేను లోపలికి వెళ్లి మంచం కింద ఉన్న పెట్టె లాగాను. పానాలు, స్క్రూడ్రైవర్లు, ఎండిపోయిన గ్రీసు డబ్బా, బనియను గుడ్డ ముక్కలు. నాకు రాని పని. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చైను పళ్ల మీద వేసి, పెడలు వెనక్కి తిప్పితే పడింది. చేతులనిండా గ్రీసు. ఆ వాసనతో ఏడాది తరవాత ఆయన మా వాకిట్లో ఉన్నట్టనిపించింది.

ఆ పుట్టినరోజున మా వీధి సైకిలు మెకానిక్కుని వెంటబెట్టుకుని బడికి వెళ్లాను. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చేది గాని, ట్యూబు పోతే వేయించుకునే డబ్బు ఎంతమంది ఇళ్లలో ఉంటుంది? స్టాండులో పాతిక దాకా మూలపడి ఉన్నాయి. ట్యూబులు, బ్రేకు కట్టెలు, చైన్లు, బాల్ బేరింగులు, సాయంత్రానికి అన్నీ రోడ్డెక్కాయి. ఆ ఏడాది నాకైన ఖర్చు నాలుగు వేల రెండొందలు. ఆ మెకానిక్కు ఇప్పటికీ సామాన్ల ఖర్చే తీసుకుంటాడు, కూలి తీసుకోడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీవారు సెల్లారులో ట్యూబులైటు కింద కూర్చుని వాచ్‌మన్ పిల్లలకి లెక్కలు చెప్పేవారని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా జవాబంతా ఆ వాక్యం మీదే.

వర్ధంతికి, పుట్టినరోజుకి తేడా ఉంది. ఆయన ఎలా పోయారో వర్ధంతి గుర్తు చేస్తుంది. మీ విషయంలో అది గుండెపోటు. ఆ రోజు ఆయన ఆఫీసులో సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి కాపాడే పద్ధతి, నేర్పించే శిక్షణ పెట్టించండి. ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఎలా నొక్కాలో చేతులతో చేసి నేర్చుకుంటే తప్ప రాదు. లేదా రక్తదానం పెట్టించండి. మే నెలలో కాలేజీలు మూసేస్తారు, శిబిరాలు తగ్గిపోతాయి, తలసేమియా అనే రక్తపు జబ్బున్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఆయన స్నేహితులు పదిహేను మంది వచ్చినా అది ఆ నెలలో చాలా పెద్ద సాయం. పుట్టినరోజు మాత్రం వేరు. ఆయన బతికిన తీరు ఆ రోజుది. ఆయన ఏ పని చేస్తుంటే ముఖం వెలిగేదో ఆ పని ఆ రోజు జరగాలి. మొదటి పుట్టినరోజునే ఆయన్ని తీసుకెళ్లిన జబ్బు చుట్టూ తిప్పకండి, మీ బాబుకి ఆ రోజంటే భయం పట్టుకుంటుంది.

మీ అత్తగారి మాటకి వస్తాను. ఆవిణ్ని తప్పుపట్టకండి. ఏటి సూతకంలో పండగలు చేసుకోరు, చాలా ఇళ్లలో కొండ ఎక్కరు, పొయ్యి మీద బూరెల మూకుడు పెట్టరు. ఆవిడ పెరిగిన పద్ధతి అది. అయితే దానం పండగ కాదు, దానికి సూతకం అడ్డు రాదని మా పురోహితుడుగారు చెప్పారు. మీ ఇంటి పురోహితుణ్ని మీ అత్తగారి చేతే అడిగించండి. మీరు అడిగి వచ్చి చెబితే వాదన అవుతుంది, ఆవిడ అడిగితే ఆవిడ నిర్ణయం అవుతుంది.

ఇంకొక మాట. ఆ రోజు మీకు భర్త పుట్టినరోజు. ఆవిడకి అది కొడుకుని కన్న రోజు. నలభై రెండేళ్ల కింద ఆ రోజు పురిటి గదిలో ఉన్నది ఆవిడే. ఇది నాకు మూడేళ్ల దాకా తట్టలేదు. మా అత్తగారు ఆ రోజు పొద్దున్నించీ ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లో కూర్చుంటే, నేను చేసేది నచ్చక అలిగారనుకున్నాను. మూడో ఏడు పక్కన కూర్చుని "ఆయన పుట్టిన రోజు వాన పడిందా అత్తయ్యా?" అని ఊరికే అడిగాను. అంతే, గంటన్నర చెప్పారు. మంత్రసాని ఏటి అవతల ఉండిపోవడం, మా మామగారు పడవ కోసం పరిగెత్తడం, పిల్లాడు పుట్టగానే ఏడవకపోతే వీపు మీద చరచడం. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో నేను వినని సంగతులు. మీరు మూడేళ్లు ఆగకండి. ముందు రోజు రాత్రే అడగండి. వీలైతే ఫోనులో రికార్డు చేయండి. మూకుడు పెట్టకూడదంటే పరమాన్నం వండమనండి, దానికి ఎవరూ కాదనరు.

బాబు కేకు గురించి. వాడికి కావలసింది కేకు కాదేమో గాని, వద్దంటే మాత్రం నాన్న పుట్టినరోజు అనేదే ఇంక ఉండదని వాడికి అర్థమవుతుంది. అది చెప్పకండి. "ఈసారి కేకు వద్దు, నానమ్మ పరమాన్నం చేస్తుంది, మొదటి గిన్నె నువ్వు సెల్లారులోకి తీసుకెళ్లి ఆ పిల్లలకి ఇవ్వాలి" అని వాడికో పని అప్పగించండి. పిల్లలు దుఃఖాన్ని కూర్చుని మోయలేరు, చేతికి పని ఉండాలి. నలభై ఏళ్లు పిల్లల మధ్య ఉన్నదాన్ని, ఇది నమ్మకంగా చెబుతున్నాను. "నాన్నకి ఎన్నేళ్లొచ్చాయి?" అని కూడా అడుగుతాడు. "నాన్న పుట్టి నలభై రెండేళ్లయింది" అనండి. అది అబద్ధం కాదు, వాడికి సరిపోతుంది.

ఇప్పుడు ఇరవై వేలు. దానం మాట ఎత్తేముందు ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి. ఆయన ప్రైవేటు కంపెనీ అకౌంటెంటు అన్నారు. పీఎఫ్ డబ్బుకి ఫారం 20, మీకూ బాబుకీ పింఛనుకి ఫారం 10డి, ఇన్సూరెన్సుకి ఫారం 5ఐఎఫ్, ఈ మూడూ పెట్టారా? ఆ ఇన్సూరెన్సుకి ప్రీమియం కంపెనీయే కడుతుంది కాబట్టి చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. ఏడు నెలలైంది, పెట్టకపోతే రేపే వెళ్లండి. భర్త పోయిన ఏడాదిలో ఆడదాని చుట్టూ దానాల సలహాలు చెప్పేవాళ్లు చాలామంది చేరతారు, ఆ ఇంటికి రావలసింది వచ్చిందా అని అడిగేవాళ్లు తక్కువ.

ట్రస్టు వద్దు. మీ అన్నయ్య ప్రేమతోనే అన్నాడు. కానీ ట్రస్టంటే రిజిస్ట్రేషను, వేరే పాన్ కార్డు, ఆడిటు, రిటర్నులు, పన్ను మినహాయింపుల దరఖాస్తులు. ఇరవై వేలలో పేదవాడికి చేరేదెంత, కాగితాలకి పోయేదెంత? ఎన్టీ రామారావుగారి భార్య బసవతారకంగారు క్యాన్సరుతో 1985లో పోయారు. ఆవిడ పేరున హైదరాబాదులో క్యాన్సరు ఆసుపత్రి తెరుచుకున్నది 2000లో. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి తలపెట్టిన పనికే పదిహేనేళ్లు పట్టింది. మీరు నెల రోజుల్లో ఏదో నిలబెట్టేయాలని పెట్టుకోకండి. మీ పేరు మీదే వేరే సేవింగ్సు ఖాతా ఒకటి తెరిచి, నెలకి వెయ్యో అయిదొందలో వేస్తూ ఉండండి. వచ్చే డిసెంబరుకి అందులో ఉన్నదే ఆ ఏటి ఖర్చు. అంతకు మించిన ట్రస్టు మీకు అక్కర్లేదు.

శాశ్వత అన్నదానం చీటీలు కూడా ఆలోచించి తీసుకోండి. డబ్బు డిపాజిట్టు చేస్తే దాని వడ్డీతో ఏటా ఆ రోజు భోజనం పెడతామంటారు. తిరుమల అన్నప్రసాదం ట్రస్టు 1985 నుంచి నడుస్తోంది, అలాంటి పెద్ద చోట ఎంత ఇచ్చినా రోజూ వండే గుండిగలోకి వెళ్తుంది, దాని గురించి బెంగ లేదు. చిన్నచోట్ల సంగతి వేరు. నేను పదివేలు కట్టిన ఒక చోటికి నాలుగో ఏడు వెళ్తే, కమిటీ మారింది, పాత పుస్తకం లేదు, మావారి పేరు ఎవరికీ తెలియదు. డబ్బు పోయిందని కాదు గాని, ప్రతి ఏడూ ఆ రోజు ఆయన పేరు అక్కడ చదువుతున్నారనుకుని నేను ఇంట్లో దీపం పెట్టుకునేదాన్ని.

మరి ఏం చేయాలి? ఆ వాచ్‌మన్ పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో కనుక్కోండి. ఆ బడిలో పదో తరగతి ఉంటే మీ పని దొరికినట్టే. మార్చిలో పరీక్షలు కాబట్టి చలికాలం నుంచే బడి వదిలాక ప్రత్యేక తరగతులు పెడతారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న పిల్లలు అయిదున్నర దాకా కూర్చోవాలి. ఆ చివరి గంట ఎప్పుడూ లెక్కలో, సైన్సో. నేను పాఠం చెబుతుంటే ముందు బెంచీలో పిల్ల కళ్లు మూతలు పడటం, దాని కడుపులో చప్పుడు నాకు వినపడటం ఎన్నిసార్లో. లెక్క రాక కాదమ్మా, ఆకలికి. కొన్ని ఏళ్లు ప్రభుత్వం అల్పాహారానికి డబ్బిస్తుంది, కొన్నాళ్లు ఇచ్చి ఆపేస్తుంది, కొన్ని చోట్ల దాతలే దిక్కు. హెడ్మాస్టరుని అడిగితే ఈ ఏడు పరిస్థితేమిటో నిమిషంలో చెబుతారు.

నేను మా బడిలో చేయించిన లెక్క ఇస్తాను. పదో తరగతిలో నలభై అయిదు మంది అనుకోండి. రోజుకి రెండు కిలోల లోపు శనగలు రాత్రి నానబెట్టి, ఉప్పేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. పిల్లకో గరిటెడు గుగ్గిళ్లు, ఒక అరటిపండు. శనగలకి నూట యాభై, అరటిపళ్లకి రెండొందల పాతిక, గ్యాసుకీ వండే అమ్మకీ కలిపి నూట అరవై అయిదు. పిల్లకి పన్నెండు రూపాయలు పడుతుంది. రోజుకి అయిదొందల నలభై చొప్పున ముప్ఫై రోజులకి పదహారు వేల రెండొందలు. మీ ఇరవై వేలలో ఇంకా మూడు వేల ఎనిమిదొందలు మిగులుతాయి. ధరలు మీ ఊళ్లో అటూ ఇటూగా ఉంటాయి, అరటిపళ్లు గెలల లెక్కన కొనండి. డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి, వారానికోసారి సరుకు కొనివ్వండి. దాంతో వారానికోసారి మీరు బయటికి వెళ్తారు, అది మీకూ అవసరం. మధ్యాహ్న భోజనం వండే అమ్మలనే వండమనండి, వాళ్లకిచ్చే గౌరవ వేతనం చాలా తక్కువ, ఈ నూరూ నూట యాభై వాళ్లకి ఉపయోగం.

మిగిలిన డబ్బుతో డిసెంబరు 18న బడి మొత్తానికి మధ్యాహ్న భోజనంతో పాటు ఒక లడ్డూ పెట్టించవచ్చు. బడి భోజనాల పథకం పీఎం పోషణ్‌లో తిథి భోజనం అని దీనికి ఏర్పాటే ఉంది. పుట్టినరోజులకీ, శుభకార్యాలకీ ఊరివాళ్లు బడి భోజనానికి అదనంగా ఒక వంటకం ఇవ్వడం. పిల్లలు ఎలాగూ తినే వేళ, ఎలాగూ కూర్చునే పంక్తి. ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. వారం ముందు చెబితే చాలు.

ఫొటోలు తీయకండి. తీసినా పిల్లల ముఖాలు ఎక్కడా పెట్టకండి. ఆశ్రమాల్లో ఉండే పిల్లలు ఫలానా అని తెలిసేలా ప్రచురించడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం నేరం కూడా. చట్టం సంగతి అలా ఉంచి, ఆ చివరి వరస పాపని గుర్తు తెచ్చుకోండి.

పన్ను గురించి ఒక్క మాట. ఇలా సరుకులు కొనిస్తే ఆదాయపు పన్నులో దానాల మినహాయింపు రాదు. సంస్థకి డబ్బిచ్చి మినహాయింపు కావాలంటే రెండు వేలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకూడదు, అదీ పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకే. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు తానూ ఏదైనా పంపుతానందన్నారు. ఆమెకి అక్కడి పౌరసత్వం వచ్చి ఉంటే, ఇక్కడి సంస్థకి నేరుగా పంపేది విదేశీ విరాళం కింద లెక్క, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థలే తీసుకోగలవు. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే ఆ ఇబ్బంది లేదు. అప్పుడు మీ ఖాతాకి పంపమని, శనగలు మీరు కొనడమే తేలిక.

ఇంకొకటి, డిసెంబరు దాకా ఆగనిది. ఆయన ఫోను తీసి చూడండి. తొంభై రోజులు వాడకపోతే నంబరు కట్ చేసి, కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. నంబరు ఇంకా ఉంటే మీ పేరుకి మార్పించుకోండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తీసేస్తారు, గూగుల్ ఖాతా రెండేళ్లు తెరవకపోతే అందులో ఫొటోలతో సహా పోతుంది. ఆయన మీకు పంపిన వాయిస్ మెసేజీలు మీ ఫోనులో ఉంటాయి. "పాలప్యాకెట్టు తెస్తున్నా, ఇంకేమైనా కావాలా" లాంటివే ఉండవచ్చు, ఒక్కటీ చెరపకండి, ఇవాళే వేరేచోట కాపీ చేయండి. మావారి గొంతు నా దగ్గర లేదు. ఆయన పాత ఫోను చెడిపోతే బాగుచేయించడానికి ఇచ్చాను, లోపల ఉన్నదంతా చెరిపేసి తిరిగిచ్చారు. పదకొండేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆయన లెక్కలు చెప్పిన ఆ వాచ్‌మన్ పిల్లలని మీరు ఈ ఏడు నెలల్లో పలకరించారో లేదో రాయలేదు. పలకరించకపోయినా ఫర్వాలేదు, మీ స్థితిలో నేనూ ఎవరినీ పలకరించలేదు. వాళ్లకీ సారు పోయారు. ట్యూబులైటు కింద ఆ చోటు వాళ్లకీ ఖాళీయే. పెద్దపిల్ల ఎనిమిదో తరగతి అన్నారు కదా, మీవాడికి రోజూ అరగంట ఎక్కాలు చెప్పమని అడగండి. ఆ పిల్ల ఎంత సంతోషంగా ఒప్పుకుంటుందో నేను ఇక్కడి నుంచే చెప్పగలను. హెడ్మాస్టరుగారిని కలవడానికి వెళ్లే రోజు బాబునీ, ఆ పిల్లనీ ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లండి. బడికి దారి ఆ పిల్లకి తెలుసు.